యంత్రముద్రణమునం దక్షరశుద్ధి

అచ్చుతప్పు అనఁగా నేమి? సీసపుటక్షరముల కాలమున నీ ప్రశ్నకు సమాధానము సులభముగా నుండెను. కంపోజిటరు ఒక యక్షరమునకు మాఱుగా వేఱొక యక్షరమును గూర్చినచో నా తప్పు కాగితముమీఁదఁ గనఁబడెడిది. ప్రూఫులు దిద్దువాఁడు దానిఁ జూచి సవరించెడివాఁడు. కంటికిఁ గనఁబడినదే యక్షరము. కంటికి సరిపడినదే శుద్ధపాఠము. నేఁటి యంత్రముద్రణమున నట్లు కాదు. కంప్యూటరునందుఁ బ్రతి యక్షరమునకును రెండు స్వరూపములు గలవు. మొదటిది యంత్రము తన జ్ఞాపకమున దాఁచుకొను సంఖ్య. దీనిని సంకేత మందము. రెండవది ఫాంటు ఆ సంఖ్యకుఁ దొడిగిన యాకారము. దీనిని రూప మందము. ఈ రెండును వేఱుపడిన పిమ్మట రూపము శుద్ధమై సంకేత మశుద్ధమైన పుటలు పుట్టసాఁగినవి. అట్టి పుటను బదిమంది పండితులు పదిమాఱులు దిద్దినను దోషము కనఁబడదు. ఇటీవలి పునర్ముద్రణములలోఁ బ్రబలుచున్న యీ దోషమును విమర్శించుటయే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా నొక యూరి పేరును బరీక్షింతము. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు తెలుఁగు, కన్నడము, ఉర్దూ అను మూఁడు భాషలు కలియు సరిహద్దుపట్టణము. 1956లో రాష్ట్రముల పునర్విభజనము జరుగువఱకు నది బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలోఁ జేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. నేఁటి వాడుకలో నీ పేరును హలంతముగా 'జహీరాబాద్' అని వ్రాయుదురు. యంత్రమునకు నిది తొమ్మిది సంకేతముల వరుస: జ, హ, గుడిదీర్ఘము, ర, దీర్ఘము, బ, దీర్ఘము, ద, పొల్లు. దీనికి 'లో' అను విభక్తిని జేర్చినచో లకారమును ఓత్వమును గూడి 11 సంకేతము లగును. కాని పొల్లు వెనుక హల్లు వచ్చినచో రెంటిని సంయుక్తము చేయుట యంత్రమునకు విధింపఁబడిన ధర్మము. కావున 'జహీరాబాద్లో' అని దకారము క్రింద లకారపు వత్తు పడి యూరి పేరు చెదరిపోవును. 'జహీరాబాద్‌లో' అని విడిగా నిలుపవలె నన్నచోఁ బొల్లునకును లకారమునకును నడుమ జీరో విడ్త్ నాన్‌జాయినరు అను 12వ సంకేతము నుంచవలెను. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. 'ఇచటఁ గలుపకుము' అని యంత్రమున కాజ్ఞ యిచ్చుటయే దాని పని. అక్షరము కానిది యక్షరశుద్ధికి ఆధారమగుట యిచటి వింత.

పూర్వపద్ధతిని 'జహీరాబాదు' అని యజంతముగాఁ జేసికొన్నచో నీ చిక్కు పుట్టనే పుట్టదు. 'జహీరాబాదులో' అని వ్రాసినచో నదృశ్యసంకేతముతోఁ బనిలేదు. అన్యదేశ్యములకు నుత్వమును జేర్చి తెనిఁగించు పద్ధతిని జాదస్త మని యాక్షేపించువా రీ విషయమును గమనింపవలయును. ద్రుతాంతములు దక్క హలంతములు లేని భాషకుఁ బుట్టిన లిపి యిది. పదము నడుమఁ బొల్లు నిలుపుట దాని స్వభావమునకుఁ గొత్త. ఆ స్వభావమును బెద్ద లెఱిఁగియుండిరి.

ఆ పేరులోని మొదటి యక్షరము మఱియొక చిక్కు. ఉర్దూలిపిలో నిది 'జోయ్' అను నక్షరముతో నారంభమగును. ఆ లిపియందు జాల్, జే, జ్వాద్, జోయ్ అను నాలుగక్షరములకును ఉచ్చారణ మొక్కటే. అది తెలుఁగు జకారము కాని యొక యూష్మధ్వని. తెలుఁగున నా నాలుగింటికిని జకారమే గతి. కొందఱు దంత్యజకారమును (ౙ) వాడి 'ౙహీరాబాదు' అని వ్రాయవచ్చు నందురు. అది యుచితము కాదు. ౙకారము మన దేశ్యపదములలో స్పర్శమును ఊష్మమును గలసి పలుకు ధ్వనికి గుర్తు, ఉర్దూలోనిది కేవలోష్మము. ఇట్టి ధ్వనులకై నుక్తా యను చుక్కగుర్తు యూనికోడు పట్టికలోఁ గన్నడమునకు 2003లోనే లభించెను; తెలుఁగునకు 2021లోఁ గాని లభింపలేదు. దానితో 'జ఼హీరాబాదు' అని వ్రాయుట ధ్వనిపరిశోధకులకు నుపయుక్తము. లోకవ్యవహారమునకు జకారము చాలును. ఏది స్వీకరించినను ఒక గ్రంథమున నొక్క పద్ధతియే యుండవలయును. ముగ్గురు వ్రాయసకాండ్రు మూఁడు విధములఁ గూర్చినచో గ్రంథాంతమందలి సూచికలో నొక యూరు మూఁడూళ్లగును.

వాడుకలోని యొక యూరి పేరునకే యింత విచారము వలసినచో, అరసున్నలును శకటరేఫములును దంత్యచజములును నిండిన ప్రాచీనగ్రంథముల మాట చెప్పనేల? అట్టి గ్రంథములను యంత్రమునఁ గూర్చునపుడు గలుగు దోషములు మూఁడు తెఱఁగులు. అక్షరము పూర్తిగాఁ బోవుట లోపము. అక్షరము నిలిచి యాకారము మాత్రము మాఱుట రూపాంతరము. ఒక యక్షరము వేఱొక యక్షరపు టాకారమును దొడిగికొని వచ్చుట మాఱువేషము. ఈ మూఁటికిని సమానమైన దండన విధింపరాదు. నేఁటి విమర్శకులు రూపాంతరమును జూచి కోపింతురు, లోపమును జూచి యుపేక్షింతురు, మాఱువేషమును బోల్చుకొననే లేరు. తారతమ్యము దీనికి సరిగాఁ దలక్రిందుగా నుండవలయు నని నా మతము.

రూపాంతరమునకు వలపలగిలక మంచి యుదాహరణము. పూర్వపు టచ్చుపుస్తకములలో 'ధర్మము' అనుచోట రేఫమును ముందు వ్రాయక, మకారమునకుఁ గుడిప్రక్కను గిలకగా నుంచెడివారు. నేఁడు రేఫమును బూర్ణముగా వ్రాసి మకారమును వత్తుగా నుంచుచున్నారు. ఉచ్చారణ మొక్కటే, వర్ణక్రమ మొక్కటే, ఛందస్సున గురులఘునిర్ణయ మొక్కటే. ఇట్లే నకారపొల్లును. పద్యములలో ద్రుతాంతపదముల చివరఁ బూర్వులు ప్రత్యేకమైన నకారపొల్లును (ౝ) వాడిరి. నేఁటివారు 'న్' అని వ్రాయుచున్నారు. దీనివలనఁ బాఠమునకు హాని లేదు. పాఠము నిలిచినదా యనునదియే పరిష్కర్తకు మొదటి ప్రశ్న, సొంపు తరువాతిది.

అయినను యథామూలముగ ముద్రింపఁ గోరువారికి మార్గము లేకపోలేదు. వలపలగిలకకుఁ బ్రత్యేకసంకేతము లేదు. రేఫము, పొల్లు, వానివెంట జీరో విడ్త్ జాయినరు అను నదృశ్యసంకేతము, పిదప హల్లు అను క్రమమునఁ గూర్చినచో, ఆ రూపము గల ఫాంటు గిలకను దానంతటఁ దానే కుడిప్రక్కకుఁ జేర్చును. ఆ రూపము లేని ఫాంటైనచో మామూలు వత్తును జూపును, పాఠము చెడదు. ఇది ప్రశస్తమైన పద్ధతి. కాని యిట్టి ఫాంటులు కొలఁది. అందుచేతఁ గొందఱు తెలుఁగు తొమ్మిది యంకె (౯) గిలకవలె నుండుటఁ జూచి, దానినే యెక్కించి 'ధమ౯ము' అని కూర్తురు. కంటి కిది వలపలగిలకయే. యంత్రమునకు ధకార మకారముల వెనుక తొమ్మిది యను సంఖ్య. 'ధర్మము' అని వెదకువానికి నీ పద మెన్నఁడును దొరకదు. రూపాంతరమును దప్పించుకొనఁ బోయి మాఱువేషమునఁ బడుట యనఁగా నిదియే.

మాఱువేషములకు మఱికొన్ని యుదాహరణములు పాఠశాలల పండితులు దినదినమును జూచుచున్నవే. 'దుఃఖము' అనుచోట విసర్గమునకు బదులుగా ఆంగ్లవిరామచిహ్నమైన కోలనును గొట్టి 'దు:ఖము' అని వ్రాయుట మొదటిది. చుక్కలు రెండును రెండే కాని, యంత్రము దీనిని 'దు' అనియు 'ఖము' అనియు రెండు ముక్కలుగా గణించును. పంక్తి చివర నచటనే విఱుచుట కూడఁ గలదు. పూర్ణబిందువునకు బదులుగాఁ దెలుఁగు సున్న యంకెను వాడి 'స౦ఘము' అని వ్రాయుట రెండవది. 'సంఘము' అను దానికిని దీనికిని భేదమును గనుఁగొనుట సూక్ష్మదృష్టికి సైతము కష్టము. అవగ్రహమునకు (ఽ) బదులుగా ఆంగ్లలిపిలోని ఎస్ అను నక్షరమును వాడుట మూఁడవది. శ్లోకాంతమున దండమునకు బదులుగా గణితమందలి నిలువుగీఁతను వాడుట నాలుగవది. వీనిలో నేదియుఁ బుటమీఁద దోషముగాఁ దోఁపదు. అదే వీని ప్రమాదము.

ఇఁక లోపము. ఇది యన్నింటికంటె సామాన్యమైనది. మనము మిక్కిలి యుపేక్షించునది. పునర్ముద్రణములలో శకటరేఫములనన్నిటిని సాధురేఫములుగా మార్చుట, అరసున్నల నన్నిటిని రాల్చివైచుట నేఁడు పెక్కు చోట్ల నాచారమైనది. దీనివలన నర్థహాని గలదా యని యడుగువారికి నాలుగు జంటలు చాలును. 'వేరు' చెట్టు మూలము, 'వేఱు' భిన్నము. 'అర' సగము; 'అఱ' గది. 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరము. 'వాడు' అనఁగా నుపయోగించు, వసివాళ్లు వాడు, 'వాఁడు' ప్రథమపురుషసర్వనామము. అర్థము సందర్భమునుబట్టి తెలియు నందురేమో. తెలియవచ్చును. కాని గ్రంథపాఠము అర్థమునకు మాత్రమే సాధనము కాదు. భాషాచరిత్రమునకును ఛందోవిచారమునకును అదియే సాక్ష్యము.

ఆ సాక్ష్యమెట్టిదో చూడుఁడు. నన్నయాదులు ప్రాసస్థానమున సాధురేఫ శకటరేఫములను గలుపలేదు. తరువాతి కవులలో నా నియమము సడలినది. ఒక కావ్యమును గాని, ఒక చాటుపద్యమును గాని యే కాలమున కాపాదింపవలెనను చర్చలో నీ ప్రాసభేదము మన పరిశోధకుల కొక ముఖ్యాధారము. ఱకారములనన్నిటిని రకారములుగా మార్చిన పాఠమున నిట్టి విచారమునకుఁ దావే లేదు. అరసున్నయు నట్టిదే. 'మూఁడు' అనుపదమునందలి యరసున్న, తమిళమున 'మూన్ఱు' అను రూపములో నేఁటికిని నిలిచిన యనునాసికమునకు మన భాషలో మిగిలిన జాడ. దానిని దుడిచివైచుట శాసనమునఁ బంక్తిని జెక్కివైచుటతో సమానము.

దంత్యచజముల విషయము కొంత వేఱు. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ దెలుఁగువర్ణములలో ౘ ౙలను వేఱుగా లెక్కించెను. అయినను బెక్కు గ్రంథములలో నా భేదము వ్రాఁతలోఁ జూపఁబడలేదు. చదువరి యుచ్చారణవలన నెఱుఁగును. సంస్కృతమునందలి 'చారు' సుందరమను నర్థమునఁ దాలవ్యము. మన భోజనమందలి 'ౘారు' దంత్యము. వ్యాకరణములును నిఘంటువులును ఈ భేదమును జూపినచోట యథాతథముగాఁ జూపవలయును. మూలమునఁ జూపనిచోటఁ బరిష్కర్త తాను గల్పింపరాదు. శుద్ధి యనఁగా మూలమున నున్నది నిలుపుట. లేనిది చేర్చుట శుద్ధి కాదు.

ఈ దోషములు కేవలము వ్రాయసకాండ్ర యశ్రద్ధవలనఁ బుట్టినవి కావు. తెలుఁగక్షరములతో ముద్రించుట 18వ శతాబ్దిలోనే యారంభమయ్యెను. బెంజమిన్ షుల్జ్ జర్మనీదేశమందలి హాలె నగరమునఁ దెలుఁగు పుస్తకములను ముద్రించెను. పిదప 1816లో కాంబెల్ వ్యాకరణము, 1852లో బ్రౌను నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వెలువడెను. ఆ కాలమున గ్రంథకర్తకు నూతనచిహ్నము కావలసివచ్చినచో శిల్పి యొక యచ్చును జెక్కిన సరిపోయెడిది. ప్రపంచమందలి తక్కిన యచ్చుకూటముల యనుమతితోఁ బనిలేదు. యంత్రసంకేత మట్లు కాదు. అది లోకమునకంతటికి నొక్కటియై యుండవలెను. లేనిచో నొకచోటి పాఠము వేఱొకచోట నర్థము కాదు.

యూనికోడు పట్టికలో మన యక్షరముల చరిత్రము విచారింపఁదగినది. భారతప్రభుత్వపక్షమునఁ దయారైన ఇస్కీ యను ప్రమాణము 1988 నాఁటిది. దానిలో భారతీయలిపులన్నియు నొక్క యచ్చునఁ బోసినట్లు సమానస్థానములఁ గూర్పఁబడినవి; దాని ననుసరించియే 1991 నాఁటి యూనికోడునందుఁ దెలుఁగుపట్టిక యేర్పడెను. నాగరిలిపియందుఁ జంద్రబిందు వున్నది గావున దాని స్థానమున మన యరసున్నకుఁ జోటు దొరకెను. నాగరిలో ద్రావిడరేఫమును జూపుటకు నొక గుర్తున్నది గావున ఱకారమునకును జోటు దొరకెను. నాగరిలో జంట లేనివి మాత్రము బయట నిలిచినవి. దంత్యములగు ౘ ౙలు 2008లోఁ గాని చేరలేదు. ప్రాచీనశాసనములలోఁ గనవచ్చు ౚ అను నక్షరము 2015లోను, నకారపొల్లు 2021లోను జేరినవి. అవగ్రహ మీ తీరునకు వెలి. నాగరిలో మొదటినుండి యున్నను దెలుఁగుపట్టికలో 2008 దాఁకఁ జేరలేదు. మొత్తముమీఁదఁ దెలుఁగునకు సొంతమైనవే యాలస్యముగా వచ్చినవి. నకారపొల్లునకు 30 ఏండ్లు పట్టినది.

ఈ నిరీక్షణకాలమున నచ్చుకూటము లూరకుండవు గదా. గ్రంథము రేపటికిఁ గావలెను. పట్టికలో నక్షరము లేదు. దానివంటి రూపము గలది ప్రక్కనున్నది. మాఱువేషములలోఁ గొన్ని యిట్లు పుట్టినవి. దీనికితోడు యూనికోడు వ్యాపింపక పూర్వమును, తరువాతఁ జిరకాలమును మన ముద్రణాలయములలోఁ జెల్లినవి 256 స్థానములు మాత్రమే గల ఫాంటులు. ఆ స్థానములలో నాంగ్లాక్షరముల చోటఁ దెలుఁగు ముక్కలను బొదిగిరి. తలకట్టు ఒక స్థానము, వత్తు ఒక స్థానము, కొమ్ము ఒక స్థానము. ఇట్లు ముక్కల నతికినచోఁ గాగితముమీఁదఁ దెలుఁగు, యంత్రము లోపల నర్థము లేని యాంగ్లాక్షరముల పోగు. గుణింతములకును వత్తులకును జాలని చోటులో నరుదుగా వాడు నక్షరములకుఁ దావు లభించుట దుర్లభము. అట్టి పాఠములను బిదప యూనికోడులోనికి మార్చునపుడు, మార్చు సాధన మెఱుఁగని గుర్తులు జాఱిపోవును. అరసున్న యొకటి జాఱినను బుట నిండుగానే కనఁబడును.

ముద్రణసాధనము లీ విషయమున క్రమముగా మెఱుఁగుపడినవి. ఆచార్య డానల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ అను గ్రంథముద్రణసాధనమునకు 2004లో జొనథన్ క్యూ చేసిన జీటెక్ అను రూపము యూనికోడు పాఠమును నేరుగా గ్రహించి, ఫాంటులోని సూత్రముల ననుసరించి వత్తులను గుణింతములను గూర్చుచున్నది. పత్రికలవారును బ్రచురణకర్తలును వాడు అడోబ్ ఇన్‌డిజైనునందు 2012 నాఁటి సీఎస్6 కూర్పుతో భారతీయలిపులకుఁ దగిన పంక్తికూర్పు లభించినది. కాని దానిని బ్రత్యేకముగా నెన్నుకొనవలయును. ఎన్నుకొననిచోఁ బొల్లులు పొల్లులుగానే నిలిచి వత్తులు పడవు. ఉర్దూపంక్తి యైనచో నక్షరములు విడివడి యెడమనుండి కుడికి వరుసతప్పి నిలుచును. జహీరాబాదువంటి త్రిభాషాప్రాంతమున మూఁడులిపుల నొక్క పుటపైఁ గూర్పవలసిన పరిష్కర్త యీ యెన్నికను ముందుగా జూచికొనవలయును.

కూర్పరి యెఱుఁగవలసిన క్రమనియమ మొకటి గలదు. 'వాఁడు' అను పదమున సంకేతముల వరుస వ, దీర్ఘము, అరసున్న, డ, కొమ్ము అని యుండవలెను. అరసున్నను దీర్ఘమునకు ముందు గొట్టినచో నది గుణింతమును జీల్చును. యంత్రము చుక్కలతోడి సున్నను జూపి తన యసమ్మతిని దెలుపును. ఇట్టి దోషము కంటికిఁ గనఁబడునది గావున భయములేదు. కనఁబడని దోషములకే కాపలా కావలయును.

ఇచట రెండాక్షేపములు గలవు. మొదటిది: ఈ యక్షరములు నేఁటి వ్రాఁతనుండి తొలఁగినవి, పాఠశాలలలో బాలు రెఱుఁగరు, ఇంత శ్రమ యేల? నేఁటి వ్రాఁతలో నీ యక్షరములను బలవంతపెట్టవలెనని నేను జెప్పుట లేదు. వ్యావహారికమున వ్రాయువాఁడు తన కాలపు వర్ణక్రమమున వ్రాయును. అది వాని స్వాతంత్ర్యము. కాని ప్రాచీనకవి తన కాలపు వర్ణక్రమమున వ్రాసిన దానిని మార్చుటకు మన కధికారము లేదు. కన్నడదేశీయులును శకటరేఫమును దమ వాడుకనుండి తొలఁగించిరి. అయినను హళెగన్నడగ్రంథములను బరిష్కరించువారు దానిని మూలమున నున్నట్లు నిలుపుచున్నారు. బీదరు సరిహద్దునకు నావలివారు చేయు పని నీవలివారు చేయలేకపోవుటకుఁ గారణము లేదు.

రెండవ యాక్షేపము గట్టిది. పాఠమున 'వాఁడు' అని యుండఁగా చదువరి 'వాడు' అని కొట్టి వెదకినచో నది దొరకదు. అట్లైన నరసున్నను నిలుపుట వెదకువానికి హాని కాదా యందురు. దీనికి సమాధానము: వెదకు సాధనమునకు నరసున్నను లెక్కింపవలదనియు, ర ఱల నొక్కటిగా నెంచవలసినదనియు నేర్పవచ్చును. అది సూచికలోఁ జేయవలసిన పని. పాఠములోఁ జేయవలసిన పని కాదు. ఉన్నదానిని వలసినపుడు మఱుఁగుపఱుపవచ్చును. పోయినదానిని వలసినపుడు రప్పింపలేము. పదకోశముల నంతర్జాలమునఁ జేర్చిన ఆంధ్రభారతి సంస్థ శబ్దరత్నాకరాదుల నందఱకు నందుబాటులోనికిఁ దెచ్చి మన కృతజ్ఞతకుఁ బాత్రమైనది. తెలుఁగు వికీసోర్సునందు యంత్రము పుటచిత్రములనుండి చదివిన పాఠమును స్వచ్ఛందసేవకులు మూలముతోఁ బోల్చి దిద్దుచున్నారు. యంత్రమున కరసున్న ధూళికణముగాఁ దోఁచును. అరసున్న యెచట నుండవలెనో యెఱిఁగిన పండితుని కన్ను అచట మిక్కిలి యవసరము.

కావునఁ బరిష్కర్తలకుఁ గొన్ని నియమములను సూచించుచున్నాను. గ్రంథమును మొదటినుండియు యూనికోడులోనే కూర్పింపవలయును. కూర్పున కారంభింపక మునుపు ఱ, ఁ, ౘ, ౙ, ఽ, ౝ, ః అను నక్షరములును, వలపలగిలకయు, పొల్లువెనుక హల్లు విడిగా నిలుచు పదమొకటియుఁ గల పరీక్షాపంక్తిని గూర్చి, ఎన్నుకొన్న ఫాంటు వాని నన్నిటిఁ జూపునో లేదో చూచికొనవలయును. కూర్పు ముగిసిన పిదపఁ దెలుఁగక్షరములకు నడుమఁ గోలను గాని, ౦ ౯ అను నంకెలు గాని, ఆంగ్లాక్షరము గాని యెచటనైన నున్నదేమో యంత్రముచేతనే వెదకింపవలయును. కన్ను చేయలేని పని యిది, యంత్రమునకు నిమిషములో నగును. అచ్చునకుఁ బంపు పీడీఎఫ్ పుటనుండి యొక పేరాను మరల నెత్తి మూలపాఠముతోఁ బోల్చవలయును. రెండును గలియనిచో నా పుట చిత్రమే కాని పాఠము కాదు. ఏ యక్షరమును నిలిపితిమి, దేనిని మార్చితిమి యనునది పీఠికలో స్పష్టముగాఁ జెప్పవలయును. మార్చినవారు చెప్పి మార్చినచోఁ జదువరి జాగరూకుఁడగును. చెప్పక మార్చినచో మోసపోవును.

వీనిలో ధనవ్యయముతోఁ గూడినది యేదియు లేదు. కావలసినదెల్ల నక్షరశుద్ధి యంత్రజ్ఞుని పని యని పండితుఁడును, పండితుని పని యని యంత్రజ్ఞుఁడును దప్పించుకొనకుండుట. యంత్రజ్ఞునకు సంకేతము తెలియును, 'వేరు' 'వేఱు'ల భేదము తెలియదు. పండితునకు భేదము తెలియును, సంకేతము తెలియదు. ఈ రెండు తెలివులును గలియనంతకాలము మన పునర్ముద్రణములు చూచుటకు సొంపై, వెదకుటకు శూన్యములై యుండును. తాళపత్రములను జెదలు తినినపుడు రంధ్రములైనను మిగిలెడివి. ఇచట నేదో యుండెనని యా రంధ్రములే చెప్పెడివి. యంత్రపాఠమున నక్షరము పోయినచో రంధ్రము సైతము మిగులదు. ఈ భేదమును విజ్ఞులు విచారించి, తమ చేతి మీఁదుగా వెలువడు గ్రంథములయందైన నక్షరమును రూపముతోను సంకేతముతోను గాపాడుదురు గాక.